సీ బుక్కు నా పేరున, కేసు తమ్ముడి పేరున

డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికింది మా తమ్ముడు. బండి నాది. అందుకని స్టేషనుకీ, కౌన్సెలింగుకీ, కోర్టుకీ, రవాణా శాఖ ఆఫీసుకీ వాడి వెంట నేనూ తిరిగాను. ఈ తిరుగుడులో తెలిసిన సంగతులు అంతకుముందు మా ఇంట్లో ఎవరికీ తెలియవు. ఆ రాత్రి చెకింగ్ దగ్గర నిలబడ్డవాళ్ళ వాలకం చూస్తే వాళ్ళకీ తెలిసినట్టు లేదు. అందుకే రాస్తున్నాను.

నేను విజయవాడ సూర్యారావుపేటలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పొద్దున్న లేస్తే షుగర్లు, క్రియాటినిన్లు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఎన్ని మిల్లీగ్రాములు ఉందన్నది నాకు రోజూ ఉండే పని. మందు కేసుకి చట్టం పెట్టుకున్న కొలత కూడా అదే. షుగర్ రిపోర్టులో వంద అని చూస్తామే, అదే యూనిట్. ఆల్కహాల్‌కి ఆ గీత 30 దగ్గర గీశారు.

ఆ రోజు పోరంకిలో మా పెదనాన్న గారి మనవరాలి రిసెప్షన్. తమ్ముడి బండి మెకానిక్ దగ్గరుంటే సాయంత్రం వచ్చి నా స్కూటీ తీసుకెళ్ళాడు. అందరూ పడుకున్నాక ఫోన్. "అక్కా, బందరు రోడ్డులో ఆపారు. నువ్వూ బావా రావాలంట. ఆధార్ పట్టుకురా." గొంతు తడబడడం లేదు. నేను వెళ్ళేసరికి వాడి వాదన కూడా అదే. "నేను తూలుతున్నానా చెప్పు? బండి సరిగ్గానే నడుపుకుంటూ వచ్చానక్కా. అక్కడ ఆపమంటే అక్కడే ఆపాను."

ట్రాఫిక్ ఎస్సై గారు వాడితో వాదించలేదు. వాడిచేత ఊదించిన మిషన్‌లోంచి వచ్చిన చీటీ నా చేతికిచ్చారు. బస్సు టికెట్టంత కాగితం. తేదీ, టైము, మిషన్ నంబరు, బండి నంబరు, వాడి పేరు, లైసెన్సు నంబరు, కింద రెండు సంతకాలు. మధ్యలో 68.

"ఎంత తాగావురా?"

"రెండు బీర్లక్కా. అమ్మ మీద ఒట్టు."

మా ఆయన నమ్మలేదు. "రెండు బీర్లకి ఇంత చూపిస్తుందా? ఇంకేదో పడే ఉంటుంది" అన్నాడు. నేను మాత్రం నమ్మాను, ఎందుకంటే లెక్క సరిపోయింది. మామూలు లాగర్ బీరు పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాల్ 5 శాతం. బరువు కడితే దాదాపు 25 గ్రాములు. రెండు సీసాలకి 50 దాటుతుంది. మావాడు 70 కిలోలుంటాడు. ఒంట్లో ఆల్కహాల్ పరుచుకునే భాగం మగవాళ్ళలో సుమారు మూడింట రెండొంతులు. భాగిస్తే వంద మిల్లీలీటర్లకి 110 మిల్లీగ్రాముల దగ్గర తేలుతుంది. లివర్ దాన్ని గంటకి సుమారు 15 చొప్పున తగ్గిస్తుంది. ఎనిమిదిన్నరకి మొదలుపెట్టినవాణ్ణి పదకొండు దాటాక ఊదించారు. అంటే 70కి అటూ ఇటూ. మిషన్ 68 అంది. ఒట్టు వేయాల్సిన పని లేదు, వాడు నిజమే చెప్పాడు. నిజం చెప్పినా హద్దుకి రెట్టింపు మీదే ఉన్నాడు.

ఆ రాత్రి నాకు బాగా తట్టిన సంగతి ఇదే. అక్కడున్నవాళ్ళంతా తాము ఎలా ఉన్నామో చెబుతున్నారు. నిలబడగలను, మాట్లాడగలను, ఇరవయ్యేళ్ళుగా నడుపుతున్నాను, ఇల్లు ఈ సందులోనే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ వీటిలో ఒక్కటీ అడగదు. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటిందా లేదా, అంతే. నిజానికి 1988లో చట్టం వచ్చినప్పుడు ఆ 30 కూడా లేదు. రక్తంలో ఆల్కహాల్ ఎంత కొంచెం ఉన్నా నేరమే అని రాశారు. 1994లో సవరించి ఈ అంకె పెట్టారు.

లండన్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు మర్నాడు ఫోన్ చేసి, "68కే కేసా? మా దగ్గరైతే పొమ్మనేవాళ్ళు" అన్నాడు. అబద్ధం కాదు, ఇంగ్లండ్‌లో హద్దు 80. అదే స్కాట్లండ్‌లో 2014 చివర్లో 50కి దించారు, అక్కడైతే దొరికిపోయేవాడు. వీడు నడిపింది బందరు రోడ్డులో కదన్నయ్యా అన్నాను.

చెకింగ్ దగ్గర మేము ఉన్నంతసేపూ జనం వస్తూనే ఉన్నారు. బారికేడ్లు అటొకటి ఇటొకటి పెట్టి బండ్లు నెమ్మదించేలా చేశారు. కానిస్టేబుల్ ప్రతి మనిషికీ కవరు చింపి కొత్త గొట్టం తగిలించి, "గట్టిగా, ఆపకుండా ఊదు, ఇంకా, ఇంకా" అంటున్నాడు. కొందరు బుగ్గల్లోంచి ఊది వదిలేస్తారు. మిషన్ ఒప్పుకోదు. దానికి ఊపిరితిత్తుల అడుగు నుంచి వచ్చే గాలి కావాలి. 2100 మిల్లీలీటర్ల అలాంటి గాలిలో ఎంత ఆల్కహాల్ ఉంటుందో ఒక మిల్లీలీటరు రక్తంలో అంత ఉంటుందన్న లెక్క మీద అది నడుస్తుంది.

ఒకాయన దగ్గుమందు తాగానన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు గానీ కానిస్టేబుల్ నవ్వలేదు. నీళ్ళ సీసా ఇచ్చి పుక్కిలించి ఉమ్మమన్నాడు, డివైడర్ మీద కాసేపు కూర్చోమన్నాడు. ఓ పావుగంట తర్వాత ఊదిస్తే సున్నా. పంపించేశారు. కొన్ని దగ్గుమందుల్లో, మౌత్‌వాష్‌లో, హోమియో చుక్కల్లో ఆల్కహాల్ ఉంటుంది. నోట్లో మిగిలింది కాసేపు మిషన్‌ని మోసం చేస్తుంది, పావుగంటలో పోతుంది. రక్తంలోది అలా పోదు. మీరు నిజంగా దగ్గుమందే తాగి ఉంటే గొడవపడకుండా మళ్ళీ ఊదుతాననడమే మంచిది.

ఇంకొకాయన కారులోంచి దిగనే లేదు. ఊదను, నా ఇష్టం అన్నాడు. ఎస్సై గారు చాలా మామూలుగా, "ఊదకపోతే అరెస్టు చేయొచ్చు సార్, అది కూడా చట్టంలోనే ఉంది" అన్నారు. ఉంది, 203వ సెక్షన్. ఊదనన్న సంగతిని తర్వాత కోర్టులో ప్రాసిక్యూషన్ తన వైపు సాక్ష్యానికి బలంగా చూపించుకోవచ్చని 205 చెబుతుంది. అరెస్టు చేస్తే మాత్రం పోలీసులకీ ఒక గడువుంది, రెండు గంటల్లోపు డాక్టరు చేత పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలేయాలి.

పరీక్ష మాట వినగానే మావాడికి ఆశ పుట్టింది. "అక్కా, రక్తపరీక్ష అడుగుదామా? నువ్వు ల్యాబే కదా." వాడి ఉద్దేశం నాకు అర్థమైంది, కోపం కూడా వచ్చింది. ఆ రక్తం నా ల్యాబుకి రాదు, ప్రభుత్వ డాక్టరు దగ్గరికి పోతుంది. ఆల్కహాల్‌కి రక్తం తీసేటప్పుడు చేతికి స్పిరిట్ రాయకూడదు, వేరే మందుతో తుడవాలి. షుగర్‌కి వాడే బూడిద రంగు మూత ట్యూబులోనే పోస్తారు, అందులోని ఫ్లోరైడ్ వల్ల శాంపిల్ పాడవదు. ఇవన్నీ సరిగ్గా జరిగితే వచ్చే అంకె మిషన్ చెప్పినదానికి దగ్గర్లోనే ఉంటుంది. 68 కాస్తా 28 అయ్యే దారి లేదు. నోరు మూసుకుని సంతకం పెట్టమన్నాను.

మా పూచీ మీద వాణ్ణి పంపించారు. బండి స్టేషనుకి వెళ్ళింది. దీని గురించి తర్వాత మా లాయరు గారు ఒక మాట చెప్పారు. 2021లో తెలంగాణ హైకోర్టు, తాగినవాడి బండిని ఊరికే స్వాధీనం చేసుకోకూడదని, పక్కన తాగని మనిషి లైసెన్సుతో ఉంటే అతనికో, ఫోన్ చేస్తే వచ్చిన బంధువుకో అప్పగించాలని, ఎవరూ రాకపోతేనే స్టేషన్లో పెట్టాలని చెప్పిందట. అది పక్క రాష్ట్రం తీర్పు. ఇక్కడ ఆ అర్ధరాత్రి దాన్ని పట్టుకుని వాదించే ఓపిక నాకు లేదు, మా ఆయనకి అసలే లేదు.

మర్నాడు సీ బుక్కు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్ళాను. అక్కడ నన్ను అడిగిన ప్రశ్నతో నిజంగా టెన్షన్ వచ్చింది. "బండి ఎప్పుడిచ్చారమ్మా మీరు? తాగాక ఇచ్చారా, ముందు ఇచ్చారా?" 188వ సెక్షన్ ప్రకారం తాగి నడపడానికి సాయం చేసినవాళ్ళకీ అదే శిక్ష. తాగిన మనిషని తెలిసి తాళం చేతిలో పెడితే ఓనరు కూడా కేసులోకి వస్తాడు. సాయంత్రం ఆరింటికి, ల్యాబ్ ముందు, మామూలు మనిషికి ఇచ్చానని రాసి సంతకం పెట్టాను. బంధువుల పెళ్ళిళ్ళలో "కాస్త మావాణ్ణి దింపి వస్తా, నీ బండి తాళాలివ్వు" అని ఎంతమంది అడుగుతారో, మనం ఎంత తేలిగ్గా ఇచ్చేస్తామో అక్కడ కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది.

కౌన్సెలింగ్‌కి ఇంటివాళ్ళు రావాలన్నారు. మరదలు పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది. యాక్సిడెంట్ వీడియోలు వేశారు, ఒక అధికారి మాట్లాడారు. మగవాళ్ళు తలలు దించుకున్నారు గానీ, వీడియో చూడలేక కాదు, భార్యల వైపు చూడలేక. మా మరదలు ఒక్క మాటా అనలేదు. బయటికొచ్చాక వాడి జేబులోంచి పర్సు తీసి తన బ్యాగులో వేసుకుంది.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. హెల్మెట్టు లేదనో, రాంగ్ రూటనో పడిన చలాన్లు ఫోన్లో కట్టేస్తాం. మందు కేసు అలా కట్టేసేది కాదు. రాజీ కుదిరే నేరాల జాబితాలో 185 లేదు. కోర్టుకి వెళ్ళి తీరాలి. మావాడు ముందు నుంచీ "ఎంతైతే అంత కట్టేద్దాం అక్కా, లింకు పంపిస్తారేమో" అని ఎదురు చూశాడు. లింకు రాలేదు, కోర్టుకి రమ్మని కబురు వచ్చింది.

విజయవాడ కోర్టుల కొత్త భవనం 2022లో అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు ప్రారంభించింది. అంతస్తుల మీద అంతస్తులు. లోపలికి వెళ్ళకముందే ఒకతను మమ్మల్ని వాసన పట్టాడు. "డ్రంక్ అండ్ డ్రైవా మేడం? పదివేలెందుకు కడతారు? నాకు నాలుగివ్వండి, రెండులో ముగించేస్తాను." తమ్ముడు నా వైపు చూశాడు. పాత చట్టంలో జరిమానా 2,000 వరకు అని ఉండేది, జడ్జి గారు అంతకంటే తగ్గించవచ్చు. బహుశా అతని కబుర్లు అప్పటివి. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. పదివేల వరకు కాదు, పదివేలే. బేరానికి చోటు లేనప్పుడు ఇతను దేనికి డబ్బులడుగుతున్నట్టు? లాయరు గారు రావడం చూసి అతనే పక్కకి జరిగాడు.

కోర్టు హాల్లో పని చాలా త్వరగా అయిపోతుంది, వెయిటింగే ఎక్కువ. పేరు పిలుస్తారు, బోనులో నిలబడాలి. "తాగి బండి నడిపినట్టు కేసు. ఒప్పుకుంటున్నారా?" ఒప్పుకుంటే అక్కడికక్కడే తేలుతుంది, కాదంటే విచారణ, వాయిదాలు. మావాడికి ముందు పిలిచినతను రెండోసారి దొరికిన ఆటో డ్రైవరు. రెండోసారి అయితే రెండేళ్ళ వరకు జైలు, లేదా 15,000, లేదా రెండూ. అతనికి జరిమానాతో పాటు కొద్ది రోజుల జైలు వేశారు. వెనక బెంచీలో అతని తల్లి అనుకుంటాను, లేచి నిలబడి ఏదో చెప్పబోయింది, బంట్రోతు కూర్చోమని సైగ చేశాడు. అది చూశాక మావాడి మొహంలో రంగు పోయింది.

వాడికి పదివేల జరిమానా, కోర్టు లేచేదాకా శిక్ష. అంటే జడ్జి గారు సాయంత్రం బెంచి దిగేవరకూ ఆ హాల్లోనే ఉండాలి. ఫోన్ లేదు, బయటికి వెళ్ళడం లేదు. జరిమానా కట్టి రసీదు తీసుకుని నేను ల్యాబుకి వెళ్ళిపోయాను. పేరుకి చిన్నదే అయినా అదీ శిక్షే, మళ్ళీ దొరికితే ఇది మొదటిదిగా లెక్కలోకి వస్తుందని లాయరు గారు నొక్కి చెప్పారు.

అయిపోయిందనుకున్నాం. రవాణా శాఖ నుంచి నోటీసు వచ్చింది. లైసెన్సు ఎందుకు సస్పెండ్ చేయకూడదో చెప్పుకోమని. పోలీసులు లైసెన్సు తీసుకుని అక్కడికి పంపడం కూడా 2019 సవరణలోదే. మావాడు కుటుంబ పోషణ, ఉద్యోగం అని రాసిచ్చాడు. విన్నారు, మూడు నెలలు సస్పెండ్ చేశారు. మూడు నెలలే ఎందుకంటే, దాని వెనక ఒక కథ ఉంది. కోయంబత్తూరులో ఎస్. రాజశేఖరన్ అనే ఎముకల డాక్టరు, రోడ్డు ప్రమాదాల మీద 2012లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. కోర్టు 2014లో రోడ్డు భద్రత మీద ఒక కమిటీ వేసింది. తాగి నడపడం, అతివేగం, రెడ్ లైట్ దాటడం, నడుపుతూ ఫోన్ మాట్లాడడం లాంటి వాటికి లైసెన్సు కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని ఆ కమిటీ 2015లో రాష్ట్రాలకి చెప్పింది. సూర్యారావుపేటలో ఎముకల ఆసుపత్రుల మధ్య పనిచేసేదాన్ని కాబట్టి, ఆ పిటిషన్ వేసింది ఎముకల డాక్టరు కావడం నాకేమీ వింతగా అనిపించలేదు. సోమవారం పొద్దున్న మాకు వచ్చే ఎమర్జెన్సీ శాంపిళ్ళు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

సస్పెన్షన్‌లో ఉండి బండి తీస్తే అది వేరే కేసు, 182వ సెక్షన్, మూడు నెలల వరకు జైలు లేదా 10,000, లేదా రెండూ. మావాడు ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులో పనిచేస్తాడు, రోజంతా డెలివరీలే. షాపు యజమాని పంపించేయలేదు గానీ కౌంటర్లో కూర్చోబెట్టి, పెట్రోలు భత్యం ఆపేశాడు. జరిమానా కంటే వాడికి ఇదే ఎక్కువ తగిలింది. లైసెన్సు తిరిగివ్వాలంటే రిఫ్రెషర్ శిక్షణ కూడా పూర్తి చేయాలని చట్టంలో ఉంది. దానికీ సెలవు పెట్టాల్సి వచ్చింది.

ఇన్సూరెన్సు సంగతి నేనే చదువుకున్నాను, బండి నాది కాబట్టి. దాదాపు ప్రతి పాలసీలోనూ మత్తులో నడిపినప్పుడు జరిగిన సొంత నష్టం ఇవ్వమని రాసి ఉంటుంది. ఆ రాత్రి వాడు ఏ డివైడర్‌కో కొట్టి ఉంటే స్కూటీ రిపేరు మొత్తం నా నెత్తిన పడేది. ఊదించిన చీటీ లేదు కదా, రక్తపరీక్ష చేయలేదు కదా అని తప్పించుకోవడం కూడా ఇప్పుడు కష్టమే. పరీక్ష లేకపోయినా మిగతా ఆధారాలతో కంపెనీ నిరూపించుకోవచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇదంతా జరిగాక మా బంధువుల్లో నాకు కొత్త పేరొచ్చింది. ఫంక్షన్ ఉన్న రోజు ఫోన్లు వస్తున్నాయి. క్వార్టర్ వేస్తే ఎన్నింటికి బండి తీయొచ్చమ్మా అని. మొదట్లో చెప్పేదాన్ని. 180 మిల్లీలీటర్ల విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం, అంటే 60 గ్రాములు. 70 కిలోల మనిషికి 130 దగ్గరికి వెళుతుంది. అక్కణ్ణుంచి 30కి దిగడానికి ఆరున్నర గంటల పైనే. రాత్రి పదకొండుకి ముగించి పడుకున్నవాడు, తెల్లారి అయిదింటికి స్నానం చేసి, కాఫీ తాగి, శుభ్రంగా హైవే ఎక్కినా ఇంకా హద్దు మీదే ఉండొచ్చు. కాఫీ, మజ్జిగ, చన్నీళ్ళు ఏవీ లివర్‌ని తొందరపెట్టవు.

ఇప్పుడు చెప్పడం మానేశాను. గంటకి 15 అన్నది సగటు, కొందరికి పదే తగ్గుతుంది. బరువు, తిన్న తిండి, ఆడా మగా, లివర్ పరిస్థితి, అన్నీ అంకెని అటూ ఇటూ లాగుతాయి. నేను చెప్పిన టైము పట్టుకుని ఎవరైనా బయల్దేరితే ఆ పాపం నాకెందుకు. మొన్న మా బాబాయి గుంటూరు వెళ్ళే ముందు ఫోన్ చేసి, "అంత కచ్చితంగా వద్దులే, సుమారుగా చెప్పు" అన్నాడు. సుమారుగా అయితే బస్టాండ్ నుంచి గుంటూరుకి బస్సులు రాత్రి కూడా ఉన్నాయి బాబాయ్ అన్నాను. సీటు దొరుకుతుందా అని అడిగాడు.